మాయాబజార్ సావిత్రి: రంగుల ప్రింటా, నలుపు తెలుపా? | రివ్యూ

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియో కోసం ఒక స్ట్రీమింగ్ యాప్ ఏడాది చందా ఉచితంగా ఇచ్చింది. అయినా నచ్చనిది నచ్చలేదనే చెబుతాను.

సావిత్రి పుట్టింది చిర్రావూరులో, పాతాళభైరవిలో ఓ డాన్సు వేసింది, దేవదాసులో పార్వతి అయింది. ఇవన్నీ మీకు కంఠతా వచ్చు. కాబట్టి నేరుగా 1957 నాటి మాయాబజార్‌కి, ఆవిడ వేసిన శశిరేఖ దగ్గరికి వెళ్దాం. అసలు శశిరేఖ కాదు, ఘటోత్కచుడు వేషం మార్చి వచ్చిన మాయా శశిరేఖ.

"అహ నా పెళ్ళియంట" పాట ఒకసారి మామూలుగా వినండి. రెండోసారి సౌండ్ తీసేసి చూడండి. సుశీల గొంతు మధ్యలోంచి ఘంటసాల గొంతు ఎక్కడ దూరుతుందో చెవితో పని లేకుండానే తెలిసిపోతుంది. భుజం విరుచుకుంటుంది, అడుగు బరువెక్కుతుంది. అంతలోనే నాలిక్కరుచుకున్నట్టు సర్దుకుని మళ్ళీ పెళ్ళికూతురైపోతుంది. ఘటోత్కచుడిగా వేసిన ఎస్వీ రంగారావు ఠీవి మొత్తం ఆ సన్నని నడుములో పట్టించేసింది!

మరి ఇబ్బంది ఎక్కడంటే, పాత ఫ్రేము వెడల్పు, ఎత్తుల లెక్క దాదాపు 4:3. దాన్ని 16:9 టీవీకి సాగదీస్తే మనిషి దాదాపు మూడో వంతు లావెక్కుతుంది. జూమ్ చేసి నింపితే పైనా కిందా కలిపి నాలుగో వంతు ఎగిరిపోతుంది. దేవదాసులోనైతే పార్వతి కళ్ళతోనే కథ నడుస్తుంది కాబట్టి కొంత సర్దుకోవచ్చు. ఇక్కడ నటన కాళ్ళలో కూడా ఉంది, పాదాలు కోసేస్తే ఇంకేం చూడాలి?

అందుకని రిమోట్‌లో పిక్చర్ సైజు 4:3 లేదా ఒరిజినల్ పెట్టండి, మోడ్ సినిమాకి మార్చండి, మోషన్ స్మూతింగ్ (కదలికల్ని టీవీ తనే నునుపు చేసే సెట్టింగు) ఆపేయండి. పక్కల నల్లపట్టీలు వస్తే కంగారు పడకండి, కొలత సరిగ్గా ఉన్నట్టే.

ఇక 2010లో విడుదలైన రంగుల ప్రింటు. కష్టపడ్డారు, కాదనను. కానీ కెమెరామన్ మార్కస్ బార్ట్లీ లైటింగ్ పెట్టింది నలుపు తెలుపు కోసం. బుగ్గ మీది నీడ అందంగా జారే చోట రంగు పొరలా కూర్చుంది. పైగా నిడివి తగ్గించి పాటలు కోశారు. ఇది మాత్రం క్షమించలేను.

సావిత్రి చేసిన చిన్నారి పాపలు సినిమా డైరెక్షన్, అప్పులు, 1981 డిసెంబరు 26న ఆవిడ మరణం, వీటి మీద వీడియోలకు కొదవ లేదు. కానీ ఆవిడ కామెడీ టైమింగ్ గురించి మాట్లాడేవాళ్ళెంతమంది?

నా ఓటు నలుపు తెలుపుకే. ఈ రాత్రి పెళ్ళి సీను పెట్టండి, లక్ష్మణకుమారుడి కాలు తొక్కేసే చోట ఆ వేషం వేసిన రేలంగిని వదిలేసి పెళ్ళికూతుర్ని చూడండి.