చిరునామా ఒకటే, యజమానులు ఇద్దరు

అందరికీ నమస్కారం.

మన ఊళ్లలో పొదుపు సంఘం డబ్బు బ్యాంకు నుంచి తీయాలంటే ఒక్కరి సంతకం చాలదు. దాన్ని ఎవరూ అవమానంగా తీసుకోరు. సంఘం నాయకురాలికి కూడా అదే రక్షణ. సంస్థలు తమ క్రిప్టో నిధులు దాచుకునే మల్టీసిగ్ వాలెట్ కూడా అలాంటిదే. ఉదాహరణకు ఐదుగురి దగ్గర ఐదు కీలు (సంతకం చేయడానికి వాడే రహస్య సంకేతాలు) ఉంటాయి, ముగ్గురు సంతకం చేస్తేనే డబ్బు కదులుతుంది. ఒకరి ఫోను పోయినా, ఒకరు మోసపోయినా ఖజానా భద్రంగా ఉంటుంది.

అయితే బ్యాంకు ఖాతాకు లేని చిక్కు ఇక్కడ ఒకటుంది. క్రిప్టో లావాదేవీలు నమోదయ్యే నెట్‌వర్క్‌ను చైన్ అంటారు. ఎథీరియం అనే చైన్‌లో ఈ వాలెట్ ఒక స్మార్ట్ కాంట్రాక్ట్, అంటే ఆ చైన్‌పైనే నడిచే ప్రోగ్రాం. ఎవరు సంతకం చేయాలి, ఎన్ని సంతకాలు కావాలి అన్నది ఆ ప్రోగ్రాంలోనే ఉంటుంది. మరో చైన్‌లో దాన్ని డిప్లాయ్ చేయకపోతే, అంటే విడిగా నెలకొల్పకపోతే, అక్కడ ఆ చిరునామా ఖాళీ స్థలమే. మామూలు వాలెట్‌కు ఈ బాధ లేదు, ఎథీరియం తరహా చైన్లన్నిటిలోనూ ఒకే కీ పనిచేస్తుంది. ఆ అలవాటే కొంప ముంచుతుంది.

2022లో ఎథీరియం తరహా చైన్ అయిన ఆప్టిమిజం వాళ్లు వింటర్‌మ్యూట్ అనే వ్యాపార సంస్థకు 2 కోట్ల ఓపీ టోకెన్లు (తమ సొంత క్రిప్టో నాణేలు) ఇవ్వాల్సి వచ్చింది. వింటర్‌మ్యూట్ తన ఎథీరియం మల్టీసిగ్ చిరునామా ఇచ్చింది. ఏమరుపాటుగా ఏమీ చేయలేదు. ముందు పరీక్షగా కొన్ని టోకెన్లు పంపి, అందాయని నిర్ధారించుకున్నాకే మిగతావి పంపారు. అందిన మాటా నిజమే. కానీ ఆప్టిమిజం చైన్‌లో ఆ వాలెట్ లేనే లేదు. పొరపాటు తెలిసి సరిదిద్దుకునేలోగా ఎవరో ముందే అక్కడికి చేరారు. ఎథీరియంలో ఈ వాలెట్లను తయారుచేసే పాత కాంట్రాక్ట్‌ను పుట్టించిన లావాదేవీనే ఆప్టిమిజంలో మళ్లీ నడిపి, దానితో వరసగా వాలెట్లు సృష్టించుకుంటూ పోయి, సరిగ్గా అదే చిరునామాను తమ అధీనంలోకి తెచ్చుకున్నారు. ఒక్క కీ కూడా దొంగిలించలేదు. తర్వాత 1.7 కోట్ల టోకెన్లు తిరిగి ఇచ్చారు.

నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఆ పరీక్షే. డబ్బు వచ్చిందా అని చూశారు గానీ, వచ్చినదాన్ని బయటికి పంపగలమా అని చూడలేదు. కొత్త చైన్‌లోకి వెళ్లేటప్పుడు చిన్న మొత్తం రప్పించి, కావలసిన సంతకాలన్నీ పెట్టించి వెనక్కి పంపండి. అది వెళ్లాకే పెద్ద మొత్తం.

సంతకం చేసేవాళ్లకూ ఒక మాట. 2024 జులైలో మన దేశానికి చెందిన క్రిప్టో ఎక్స్ఛేంజి వజీర్‌ఎక్స్ మల్టీసిగ్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్లు పోయాయి. తెరపై కనిపించిన లావాదేవీ ఒకటి, నిజంగా సంతకం పడినది మరొకటి అని ఆ సంస్థ చెప్పింది. అందుకే ఒకే తెరను నమ్మి నలుగురు సంతకం చేస్తే అది నాలుగు తనిఖీలు కాదు, ఒక్కటే. వేర్వేరు పరికరాల్లో, వేర్వేరు చోట్ల చూడండి.

మరొకటి చాలామంది మరిచిపోతారు. సంతకందారుల జాబితా ఏ చైన్‌కు ఆ చైన్‌దే. సంస్థ వదిలి వెళ్లిన వ్యక్తిని ఎథీరియంలో తొలగించినంత మాత్రాన ఆప్టిమిజంలోనో పాలిగాన్‌లోనో ఆ పేరు దానంతటదే పోదు. సొలానాలోనైతే వాలెట్ ప్రోగ్రామే వేరు. ఈ వారమే మీ కోశాధికారితో కూర్చుని, ఒక్కో చైన్‌లో ఆ జాబితా తెరిచి చూడండి.