పీడీఎఫ్ పంపితే పంచినట్టేనా?

(తిరుపతిలో ఉపాధ్యాయుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పరీక్షలొస్తే మన టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ప్రశ్నపత్రాలు కుప్పలుగా వచ్చి పడతాయి. సంతోషమే. కానీ అందులో ఒక్క ప్రశ్న మార్చాలంటే? అది ఫోటో తీసి చేసిన పీడీఎఫ్. దాని మీద అడ్డంగా ఎవరిదో వాటర్‌మార్కు. మళ్లీ అంతా టైపు కొట్టుకోవాల్సిందే. ఎవరైనా దయతలచి అసలు ఫైలే పంపినా, అది పాత డీటీపీ ఫాంటులో ఉందంటే, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెలుగుకు బదులు ఏవో కొక్కేలూ ఇంగ్లీషు అక్షరాలూ కనబడతాయి. ఏ కంప్యూటరైనా గుర్తుపట్టే యూనికోడ్ పద్ధతిలో కొడితే ఈ తంటా ఉండదు.

అమెరికన్ ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ చిరాకు కూడా ఇలాంటిదే. ఆయన పనిచేసే ఎంఐటీ విశ్వవిద్యాలయం ల్యాబ్‌లో ప్రింటరులో కాగితం ఇరుక్కునేది. పాత ప్రింటరుకైతే ప్రోగ్రాం మార్చి, ఇరుక్కోగానే కబురు అందేలా చేసుకున్నాడు. కొత్తదానికి సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాం అసలు రాత, ఇవ్వలేదు. అడిగినా ఇచ్చేది లేదన్నారు. 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు, అందరూ స్వేచ్ఛగా వాడుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేయడానికి. వాడుకోవచ్చు, లోపలేముందో చూసి మార్చుకోవచ్చు, పదిమందికీ ఇవ్వచ్చు, మార్చినదాన్నీ ఇవ్వచ్చు. అంతే షరతులు. డబ్బు సంగతి తర్వాత. 1991లో హెల్సింకీలో ఒక విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ అనే కంప్యూటరు వ్యవస్థ ఈ దారిలోనే పెరిగింది. మీ జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోనుకు మూలం అదే.

మన పక్కన ఈ పని కంప్యూటరు లేకుండానే జరిగింది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్లు ఏకోపాధ్యాయ బడుల కోసం పాఠాలను కార్డులుగా విడగొట్టారు. పిల్లవాడు గోడమీది నిచ్చెన పటంలో తన మెట్టు చూసుకుని, ఆ గుర్తున్న కార్డు తెచ్చుకుని, పని ముగించి తర్వాతి మెట్టుకు వెళతాడు. ఒక్క టీచరు, ఒకే గది, నాలుగైదు తరగతులు! 1995లో కర్ణాటకలోని హెచ్.డి.కోటె టీచర్లు దీన్ని చూసి కన్నడంలో 'నలి కలి' చేసుకున్నారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు అందుకున్నాయి. ఎవరూ అచ్చుగుద్దినట్టు దించలేదు, తమ పిల్లలకు తగ్గట్టు తిరగరాసుకున్నారు. నన్నడిగితే మన ప్రాంతం దేశానికిచ్చిన గొప్ప ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా చూసి, మార్చుకుని, పంచుకోగలిగేది, ఇదే.

“కష్టపడి నోట్సు నేను రాస్తే, పేరు చెరిపి వాడెవడో తన పేరు పెట్టుకుంటాడు కదా సార్” అంటారు. ఆ బాధ నిజమే. దానికీ దారుంది. 2002లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు వచ్చాయి, అంటే రాసినవారు ముందే ఇచ్చే అనుమతులు. వాటిలో ఒకటి చెప్పేది ఇదీ: వాడుకో, మార్చుకో, రాసినవారి పేరు మాత్రం ఉంచు. తెలుగు వికీపీడియా వ్యాసాలకూ ఉన్నది ఇలాంటి లైసెన్సే. అక్కడ 'చరిత్ర' నొక్కితే ఏ మాట ఎవరు ఎప్పుడు మార్చారో కనబడుతుంది. తొమ్మిదో తరగతి పిల్లలకు చంద్రగిరి వ్యాసం ఇచ్చి, ఆధారం లేని వాక్యాలు వెతకమనండి. కోట ఎలాగూ బస్సు దూరమే, వెళ్లి చూసి రావచ్చు.

ఈసారి పేపరు పంపేటప్పుడు పీడీఎఫ్‌తోపాటు, మార్చుకోవడానికి వీలైన లిబ్రెఆఫీస్ (ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్) ఫైలు కూడా జత చేయండి. కింద మీ పేరు, లైసెన్సు ఒక లైను. ఇక ప్రశ్నలుంటే అడగండి, టీ వచ్చేలోపు.