పొణుకుంటే పొయ్యే నొప్పి

(చిత్తూరు కట్టమంచిలో రిటైరైన టీచర్లు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముప్పై ఏళ్లు పిల్లల ముందు నిలబడి అరిచినదాన్ని, నాకు మైకు భయం లేదు. కానీ ఒక ఏడాది పాటు తలనొప్పితో నిలబడటమే గండమైంది. ఆ సంగతి చెప్పమన్నారు. నేను డాక్టర్ని కాదు, రోగిని. అది గుర్తుపెట్టుకుని వినండి.

మన జిల్లాలో జూన్ అంటే తోతాపురి కోతలు. ఆ ఏడు కూలీలు చాలక తోటలో నేనూ ఒక బుట్ట ఎత్తాను. మెడ కింద ఏదో చిటుక్కుమంది. మర్నాడు బడిలో రెండో పీరియడ్ కల్లా తల వెనక బరువు, మెడ పట్టేసింది. చెవుల్లో నీళ్లు నిండినట్టుగా పిల్లల మాటలు ఎక్కడో దూరాన వినిపించాయి. ఇంటికొచ్చి చాప మీద వాలితే పావుగంటలో అంతా మాయం.

ఇక రోజూ అదే వరస. లేస్తే నొప్పి, పడుకుంటే లేదు. మా అత్తగారు రెండు వారాలు చూసి ఒక మాట అన్నారు: "పొణుకుంటే పొయ్యే నొప్పి ఏం నొప్పి మే?" ఆమెను తప్పుపట్టను, నాకే నా మీద అనుమానం వచ్చింది. అన్నం వండాలంటే వచ్చి, మంచమెక్కగానే పోయే నొప్పిని ఎవరు నమ్ముతారు?

ఒక డాక్టరు సైనస్ అన్నారు. ఇంకొకరు కళ్లజోడు మార్చమన్నారు. ఇంకొకరు మైగ్రేన్ అని మాత్రలిచ్చారు. సీటీ స్కాన్ తీస్తే నార్మల్. "టెన్షన్ అమ్మా, రిటైర్మెంట్ దగ్గర పడుతోంది కదా" అన్నారు. దిష్టి తీయడం కూడా అయింది. అందరికీ నేను "తలనొప్పి, తలనొప్పి" అనే చెప్పాను తప్ప, పడుకుంటే పోతుందని ఒక్కరికీ చెప్పలేదు. సిగ్గు. సోమరిపోతు అనుకుంటారని. రోగం పేరు చెప్పే ఒక్క ఆనవాలునూ నేనే కొంగులో ముడేసి దాచుకున్నాను.

ఈలోగా మాత్రలు రోజువారీ అయ్యాయి. మామూలు నొప్పి మాత్రలైనా సరే నెలకు 15 రోజులు, అంతకు మించి, 3 నెలలకు పైగా వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయట. అది నాకు తర్వాత తెలిసింది. మీలో హ్యాండ్‌బ్యాగులో మాత్రల పట్టీ పెట్టుకుని తిరిగేవాళ్లు ఎందరో నాకు తెలుసు, పేర్లు చెప్పను.

పదకొండో నెలలో తిరుపతిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఎంత నొప్పి అని ఆమె అడగలేదు. "పొద్దున కళ్లు తెరిచిన క్షణంలో ఉంటుందా? లేచాక ఎంతసేపటికి వస్తుంది?" అని అడిగింది. అక్కడే బల్ల మీద ఇరవై నిమిషాలు పడుకోబెట్టింది. తగ్గింది. లేపి కూర్చోబెట్టింది. వచ్చింది. నాకు ఏడుపొచ్చింది, నొప్పికి కాదు.

విషయమేమిటంటే, మన మెదడు, వెన్నుపాము ఒక నీటిలో ఉంటాయి. మొత్తం కలిపితే సుమారు 150 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ గ్లాసెడు. ఒళ్లు రోజుకు అర లీటరు దాకా కొత్తది తయారు చేస్తూ, పాతది పీల్చుకుంటూ ఉంటుంది. కిలోన్నరకు కాస్త తక్కువ తూగే మెదడు ఆ నీటిలో 50 గ్రాముల బరువుగా తేలుతుంది. పుష్కరిణిలో తెప్ప తేలినట్టు. నీళ్లు తగ్గితే తెప్ప కిందికి దిగి మెట్లకు తగలదూ? అలాగే వెన్నులో ఆ నీటిని పట్టి ఉంచే పొరకు చిల్లు పడి నీరు కారితే, లేచి నిలబడగానే మెదడు కిందికి జారి పొరలను లాగుతుంది. పడుకుంటే ఆ లాగుడు తగ్గుతుంది. నా బుట్ట చేసిన పని అది. దగ్గినా, తుమ్మినా కూడా కొందరికి ఇలా మొదలవుతుందట.

ఈసారి మందు ఎక్కించి ఎమ్మారై తీశారు. మెదడు పొరలు వెలిగిపోయి కనిపించాయి, మెదడు కిందికి జారి ఉంది. కొందరికి ఈ స్కాన్ కూడా నార్మల్‌గానే వస్తుందట. కాబట్టి కాగితం చూసి నిరాశపడకండి.

వైద్యం వింటే నవ్వొస్తుంది. చేతిలో నుంచి రక్తం తీసి వెన్నులో, ఆ పొర బయట ఎక్కిస్తారు. బ్లడ్ ప్యాచ్ అంటారు. మా ఆయన దీన్ని స్కూటర్ ట్యూబుకు పంక్చర్ వేయడం అంటాడు. 1960లో జేమ్స్ గోర్మ్లీ అనే అమెరికా సర్జన్ మొదలుపెట్టాడు. వెన్నులో సూది గుచ్చి ఆ నీరు తీసేటప్పుడు కాస్త రక్తం కలిసినవాళ్లకు తర్వాత తలనొప్పి తక్కువగా ఉందని ఆయన గమనించాడు.

నాకు మొదటి ప్యాచ్ రెండు నెలలే నిలిచింది. రెండోసారి వెన్నులోకి మందు వేసి సీటీ తీసి, ఛాతీ వెనక ఎక్కడ కారుతోందో చూసి అక్కడే వేశారు. ఆ వారం తలనొప్పి తిరగబడింది: పడుకుంటే ఎక్కువ, అదీ నుదుటి దగ్గర. భయపడ్డాను. కారుడు ఆగాక ఒత్తిడి కొన్నాళ్లు పెరగడం మామూలేనని మాత్ర ఇచ్చారు, తగ్గింది. ఆరు వారాలు వంగొద్దు, ఎత్తొద్దు, మెలి తిరగొద్దు అన్నారు. ఆ ఆరు వారాలు మా వాకిట్లో ముగ్గు మా ఆయనే వేశాడు. వీధిలో అందరూ చూసేందుకు వచ్చేవాళ్లు.

ప్రతి తలనొప్పీ ఇది కాదు. ఇది అరుదు. కానీ యాభై దాటినవాళ్లకు కొత్తగా కణత నొప్పి, నమిలితే దవడ నొప్పి వస్తే కళ్లకే ముప్పు, ఆలస్యం చేయకూడదు. పిడుగు పడినట్టు ఒక్క నిమిషంలో తీవ్రమైన నొప్పి వస్తే వెంటనే ఎమర్జెన్సీకే వెళ్లాలి. కాన్పు తర్వాత వదలని నొప్పినీ, చూపు మసకబారే నొప్పినీ ఇంట్లో దాచొద్దు. మిగతావి డాక్టర్లే చెప్పాలి.

మా అత్తగారికి ఇప్పుడు ఎనభై రెండు. ఊళ్లో ఎవరు తలనొప్పి అన్నా ముందు ఆమె దగ్గరికే వస్తారు. ఆమె అడిగేది ఒక్కటే: "పొణుకుంటే పోతాందా మే?"