రష్యాలో పాత అమెరికన్ బండి: పెట్రోలు కాదు, అసలు ఖర్చు ఇక్కడుంది

నమస్కారమండీ. ఈ రోజు రష్యాలో తిరుగుతున్న పాత అమెరికన్ బళ్ల గురించి మాట్లాడుకుందాం. షెవ్రొలే టాహో, సబర్బన్, డాడ్జ్ కారవాన్, క్రైస్లర్ సెబ్రింగ్... ఇరవై, పాతికేళ్ల బళ్లు. ఇప్పటికీ రోడ్డెక్కుతున్నాయి. వీటిని ఇన్నాళ్లూ నిలబెట్టుకొస్తున్న వాళ్లంటే నాకు చాలా గౌరవం.

ముందు పెట్రోలు సంగతి తేల్చేద్దాం, అందరూ అక్కడే భయపడి ఆగిపోతారు కాబట్టి. పెద్ద వి8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) ఊళ్లో లీటరుకు ఐదు కిలోమీటర్లు ఇస్తే గొప్ప. నిజమే. కానీ అమెరికా బంకులో 87 అని రాసి ఉండే మామూలు పెట్రోలూ, రష్యా బంకులో ఏఐ-92 పెట్రోలూ దాదాపు ఒకటే. ఆక్టేన్ లెక్కగట్టే పద్ధతి వేరు, అంతే. అంటే ఖరీదైన పెట్రోలు పోయక్కర్లేదు. చాలామంది గ్యాస్ కిట్ వేయిస్తారు, దాన్ని ట్రాఫిక్ పోలీసుల దగ్గర నమోదు చేయించుకోవాలి.

అసలు దెబ్బ పన్ను దగ్గర పడుతుంది. అక్కడ ఏటేటా కట్టే బండి పన్ను హార్స్‌పవర్ లెక్కన ఉంటుంది. 250 దాటిందా, మాస్కోలో ఒక్కో హార్స్‌పవర్‌కు 150 రూబుళ్లు. 250 పైన ఉన్నదానికి మాత్రమే అనుకునేరు, మొత్తానికీ అదే రేటు. 285 హార్స్‌పవర్ ఉన్న 5.3 లీటర్ల టాహోకు ఏడాదికి 42,750 రూబుళ్లు. బండి ముసలిదైపోయిందని ఒక్క రూబులు తగ్గదు. 250 లోపు ఉండే పాత వి6 వ్యానుకు ఇందులో చిన్న వంతే పడుతుంది.

పోనీ విదేశం నుంచి ఇంకో పాత టాహో తెప్పించుకుందామంటే? ఐదేళ్లు దాటి, 3,000 సీసీ మించిన బండిని సొంతానికి తెచ్చుకుంటే సీసీకి 5.7 యూరోల సుంకం. లెక్కేయండి, 30,000 యూరోలు దాటుతుంది. దాని మీద 2012లో మొదలైన రీసైక్లింగ్ ఫీజు ఒకటి. అందుకే అక్కడివాళ్లు ఉన్న బండినే ప్రాణంలా చూసుకుంటారు.

మరి స్పేర్లో? జనరల్ మోటార్స్ 2015లోనే అక్కడ వ్యాపారం బాగా కుదించుకుంది, 2022లో బళ్లు పంపడం ఆపేసింది. ఇప్పుడు సరుకు దుబాయ్, కజకిస్తాన్ మీదుగా చుట్టూ తిరిగి వస్తోంది. ఆ దారి ఖర్చంతా స్పేరు ధరలోనే కలుస్తుంది.

ఇక్కడే నాకు బాగా నచ్చిన సంగతి చెప్పాలి. మన అంబాసిడర్‌కి ఇసుజు ఇంజిన్ వచ్చినట్టే, 2006లో రష్యావాళ్ల వోల్గా కారుకి క్రైస్లర్ 2.4 లీటర్ల ఇంజిన్ వచ్చింది. అంతటితో ఆగలేదు. వోల్గా తయారుచేసే గాజ్ కంపెనీ సెబ్రింగ్ తయారీ సామగ్రిని కొని తన ఊరు నిజ్నీ నొవ్‌గొరోద్‌కు తెచ్చి, 2008 నుంచి వోల్గా సైబర్ అనే కారు చేసింది. అది సరిగ్గా అమ్ముడుపోలేదు, 2010లో ఆగిపోయింది. కానీ అదే 2.4 ఇంజిన్ ఉన్న పాత సెబ్రింగ్, డాడ్జ్ స్ట్రాటస్ వాళ్లకు అదే వరమైంది. టైమింగ్ బెల్టు, దాని వెనకే దాగి ఉండే వాటర్ పంపు, గాస్కెట్లు... ఇవన్నీ వోల్గా స్పేర్లుగా అడిగినా దొరుకుతాయి. నన్నడిగితే రష్యాలో పాత అమెరికన్ బండి కొనేవాళ్లు ముందు ఈ 2.4 ఇంజిన్ బళ్లనే చూడాలి. వి8 శబ్దం మీద మోజుంటే అది వేరే సంగతి, ఆ మోజు నాకూ అర్థమవుతుంది.

పానాల గొడవ మాత్రం వదలదు. పాత 5.7 వి8 ఇంజిన్‌లో బోల్టులు అంగుళాల కొలత, అదే బండి కింద చాలావరకు మిల్లీమీటర్లు. ఇంజిన్ పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టు తల 9/16 అంగుళాలు, అంటే 14.29 మిల్లీమీటర్లు. 14 పానా ఎక్కదు, 15 పానా వదులు. తుప్పు పట్టిన బోల్టుకు 15 పెట్టి బలంగా తిప్పారంటే తల గుండ్రంగా అరిగిపోతుంది. ఇక డ్రిల్లింగే దిక్కు. అందుకే అంగుళాల పానాల సెట్టు లేని షెడ్డుకు బండి ఇవ్వకండి.

చలి సంగతికొస్తే, ఉత్తర అమెరికా నుంచి వచ్చిన కొన్ని బళ్లకు ఇంజిన్ వేడిచేసే హీటరు ముందే ఉంటుంది. సైబీరియాలో మైనస్ 30లో అది చేతికందిన దేవుడే అనిపిస్తుంది. కానీ అది 120 వోల్టులది, రష్యా గోడలో వచ్చేది 220 పైనే. వోల్టేజీ రెట్టింపయితే పవర్ నాలుగు రెట్లవుతుంది, హీటరు కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, లేదా 220 వోల్టుల హీటరు వేయించాలి.

చివరగా తుప్పు. మాస్కోలో మంచు కరగడానికి చల్లే ఉప్పు రసాయనాలు ఛాసిస్‌ని తినేస్తాయి. పాత టాహో చూడటానికి వెళితే డ్రైవర్ వైపు కింద పడుకుని, ఫ్రేమ్ లోపల వెనక్కి వెళ్లే బ్రేకు గొట్టాలను టార్చితో చూడండి. అవి ఇనుపవి. బయటికి కనపడే చోట బాగున్నట్టే ఉంటాయి, క్లిప్పులు పట్టుకున్న చోట పొరలు పొరలుగా ఉబ్బుతాయి. అలా కనిపిస్తే బేరంలో ఆ ఖర్చు తగ్గించమనండి. బండి చేతికొచ్చాక మొదటి పనిగా వాటిని తీయించి రాగి-నికెల్ గొట్టాలు వేయించండి, అప్పటిదాకా దూర ప్రయాణం పెట్టుకోకండి.