డ్రైవర్ లేని మెట్రో: రెండు తలుపుల మధ్య సందు సంగతేమిటి?

నమస్కారం. ఈ రివ్యూలో రైలు వేగం, ఏసీ, సీట్ల జోలికి నేను వెళ్లడం లేదు. తలుపును మాత్రమే పరిశీలిస్తాను.

మన దేశంలో డ్రైవర్ లేని తొలి మెట్రో రైలు 2020 డిసెంబరు 28న ఢిల్లీ మెజెంటా లైనులో మొదలైంది. ఆ లైను స్టేషన్లలో ప్లాట్‌ఫాం అంచున మరో వరుస తలుపులు ఉంటాయి. అవీ, రైలు తలుపులూ మూసుకుని తాళం పడినట్టు సంకేతం అందితే తప్ప రైలు కదలదు. ప్రయాణికులు పట్టాల మీద పడకుండా ఆపడంలో దీనికి పూర్తి మార్కులు వేస్తాను. మన హైదరాబాద్ మెట్రో ప్లాట్‌ఫాంలకు మాత్రం ఇలాంటి తలుపులు లేవు.

ఇక అసలు సంగతికి వస్తాను. మూసుకుంటున్న తలుపుకు చెయ్యో, సంచో అడ్డుపడితే మోటారు మీద భారం పెరుగుతుంది, ఆ తేడాను గుర్తించి తలుపు మళ్లీ తెరుచుకుంటుంది. అయితే ఇదిగో, నా చేతిలో ఉన్న ఈ కండువా అంచును చూడండి. రెండు మడతలు వేసినా మందం అంతంత మాత్రమే. తలుపు అంచున ఉండే మెత్తని రబ్బరు దీన్ని తనలో ఇముడ్చుకుంటుంది కనుక, తాళం యథావిధిగా పడుతుంది, రైలుకు అనుమతీ వస్తుంది. 2023 డిసెంబరులో ఢిల్లీ ఇందర్‌లోక్ స్టేషన్‌లో తలుపులో బట్ట చిక్కుకుని ఒక మహిళ ప్రాణాలు కోల్పోయారు. అది డ్రైవర్ ఉన్న రైలే.

ప్లాట్‌ఫాం తలుపులు పెడితే మరో చిక్కు వస్తుంది: రైలు తలుపుకూ, ప్లాట్‌ఫాం తలుపుకూ మధ్య సందు. 2022 జనవరిలో షాంఘైలో, డ్రైవర్ లేకుండా నడిచే 15వ లైనులో, ఒక వృద్ధురాలు ప్లాట్‌ఫాం తలుపు దగ్గర ఇరుక్కుని మరణించారు. చైనాలో డ్రైవర్లున్న చాలా లైన్లలో ప్లాట్‌ఫాం చివర నిలువుగా ఒక దీపపు పట్టీ అమర్చుతారు. డ్రైవర్ ఆ సందులోంచి చూసినప్పుడు వెలుగు తెగకుండా కనిపిస్తే మధ్యలో ఎవరూ లేరని అర్థం. ఎంత చవకైన ఉపాయమో చూడండి! కానీ చూసే కళ్లే లేనిచోట దీపం ఏం చేస్తుంది? అందుకే అక్కడ ఆ సందు పొడవునా లేజర్ గానీ ఇన్‌ఫ్రారెడ్ గానీ కాపలా ఉండాలి, దాని సంకేతం రైలు కదిలే అనుమతితో ముడిపడి ఉండాలి. తలుపు తెరుచుకునే వేగం కన్నా ఈ ఒక్క ఏర్పాటుకే నేను ఎక్కువ మార్కులు కేటాయిస్తాను.