పరధ్యానం కాకపోవచ్చు, పొగరు కాకపోవచ్చు

సభకు నమస్కారం. విశాఖపట్నం బడుల ఉపాధ్యాయులు, తల్లిదండ్రులే ఇక్కడ ఎక్కువమంది ఉన్నారు గనుక, వ్యాధుల పేర్లన్నీ ఏకరువు పెట్టకుండా, క్రమశిక్షణ లోపంగా మనం పొరబడే రెండు స్థితుల గురించే మాట్లాడతాను.

మొదటిది మూర్ఛలో ఒక రకం. మూర్ఛ అనగానే కిందపడి గిలగిల కొట్టుకోవడం, నోట నురగ రావడమే మనకు గుర్తొస్తాయి. కానీ సుమారు 4 నుంచి 10 ఏళ్ల వయసులో మొదలయ్యే ఈ రకంలో బిడ్డ పడిపోదు. చదువుతున్నది చదువుతున్నట్టే ఆగిపోయి, కొన్ని సెకన్లు శూన్యంలోకి చూసి, ఏమీ జరగనట్టే మళ్లీ చదువు అందుకుంటుంది. ఇది రోజుకు పదులసార్లు రావచ్చు. ఆ క్షణాల్లో చెప్పిన పాఠం ఆ బిడ్డకు అందదు. దాంతో మార్కులు తగ్గుతాయి, తిట్లు పెరుగుతాయి. పరధ్యానంలో ఉన్న పిల్ల భుజం తడితే ఉలిక్కిపడి చూస్తుంది. ఈ పిల్ల చూడదు. టీచరుకు అనుమానం కలగడానికి ఆ తేడా చాలు. మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్షలో, బిడ్డ చేత వేగంగా, గాఢంగా ఊపిరి తీయించినప్పుడు, సెకనుకు దాదాపు 3 చొప్పున వచ్చే ప్రత్యేకమైన తరంగాలు సాధారణంగా బయటపడతాయి. మందులతో చాలామందిలో ఇది అదుపులోకి వస్తుంది.

ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ వస్తే బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి, చేతిలో తాళాల గుత్తి పెట్టినందువల్ల ఒరిగేదేమీ లేదు. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రెండవది కౌమారంలో వచ్చే కుంగుబాటు. 10 నుంచి 19 ఏళ్ల వారిలో ప్రతి 7గురిలో ఒకరికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ వయసులో కుంగుబాటు కన్నీళ్లుగా కన్నా చిరాకుగా, ఎదురు సమాధానాలుగా, కారణం తెలియని కడుపునొప్పిగా బయటపడవచ్చు. దానికే మనం పొగరు అని పేరు పెట్టేస్తాం. ఇంటర్ చదువుతూ హాస్టల్లో ఉన్న కుర్రవాడు ఇష్టమైన ఆట మానేసి, నిద్ర చెడి, రెండు వారాలకు పైగా అలాగే ఉంటే, దయచేసి ర్యాంకు సంగతి పక్కన పెట్టి అతని పక్కన కూర్చోండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆత్మహత్యాయత్నాన్ని దాచే కుటుంబాలు ఒక మాట తెలుసుకోవాలి: 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటివారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగానే పరిగణించి శిక్ష నుంచి కాపాడుతోంది.

మన ఊళ్లోనే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల, మహారాణిపేటలో కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఉన్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు, లక్షణం ఎప్పుడు మొదలైందో, ఎంతసేపు ఉంటోందో రాసుకుని వెళ్లండి. మూర్ఛ అనుమానమైతే ఆ సమయంలో ఫోనులో తీసిన చిన్న వీడియో కూడా రోగనిర్ధారణకు ఎంతో సాయపడుతుంది.