రీడింగు దిద్దకండి

వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికి, బయోకెమిస్ట్రీ హెచ్‌ఓడీ మేడం గారికి, అధ్యాపక మిత్రులకు నమస్కారం. ఎమ్మెస్సీ పిల్లలకీ, ఈ ఏడే పీహెచ్‌డీలో చేరిన స్కాలర్లకీ ఆశీస్సులు.

బయాలజీలో కెరీర్ అవకాశాల గురించి చెప్పమన్నారు. సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్, అంటే సీనియర్ ఫెలోషిప్ కింద 42,000. హైదరాబాద్ హబ్సిగూడలో సీసీఎంబీ, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలు, శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో వ్యాక్సిన్ కంపెనీలు ఉన్నాయి. ఇవన్నీ మీ ఫోన్లలోనే దొరుకుతాయి. నేను వచ్చింది వేరే మాట చెప్పడానికి.

సీనియర్ల ప్రాక్టికల్ రికార్డు చూసి మీ రికార్డు రాసినవాళ్లు చేతులెత్తండి. మేడం ఏమీ అనరు, ఎత్తండి. చూశారా, సగం హాలు!

ఒక కాలేజీకి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్లాను. ఆరోజు ప్రాక్టికల్ ఫాస్ఫరస్ ఎస్టిమేషన్, అంటే ద్రావణంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవడం. ఒకమ్మాయి గ్రాఫులో నాలుగో పాయింటు గీతకి బాగా కిందికి పడింది. ఆ అమ్మాయి దాన్ని చెరపలేదు. పక్కన "పిపెట్‌లో బుడగ వచ్చినట్టుంది, మళ్లీ చేయడానికి రీజెంట్ లేదు" అని రాసింది. పక్క టేబుల్ అబ్బాయి ముందు స్కేలు పెట్టి గీత గీసేసి, ఆ గీత మీంచి రీడింగులు రాసుకున్నాడు. మార్కులు అబ్బాయికే ఎక్కువ పడాలని అక్కడి ఎగ్జామినర్ పట్టుబట్టారు. చాలాసేపు వాదించాను. బయటికొస్తుంటే ఆ అమ్మాయి, "సార్, ఆ పాయింటు చెరిపేయాల్సిందా?" అని అడిగింది. వద్దమ్మా, ఎప్పుడూ వద్దు అన్నాను. ఇవాళ మీ అందరికీ అదే చెబుతున్నాను.

ఆ ప్రాక్టికల్ ఎవరిదో తెలుసా? ఫిస్క్-సుబ్బారావ్ పద్ధతి అని చదువుకుంటారే, ఆ సుబ్బారావ్ మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారే. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1925లో ఆ పద్ధతి ప్రచురించారు. ఫాస్ఫేటు ఎంతుంటే నీలం రంగు అంత చిక్కగా వస్తుంది. అదే పద్ధతి కండరం నుంచి తీసిన ద్రవం మీద చేస్తే రంగు రావలసినంత త్వరగా రాలేదు, మెల్లమెల్లగా పెరిగింది. మన పరీక్షల్లో అయితే ఏం చేస్తాం? రంగు స్థిరపడేదాకా ఆగి, చివరి రీడింగు ఒక్కటే రాసి సంతకం పెట్టించుకుంటాం. వాళ్లు ఆ ఆలస్యాన్ని పట్టుకున్నారు. పరీక్షకు వాడే ఆమ్ల ద్రావణంలో నెమ్మదిగా విరిగిపోతూ ఫాస్ఫేటును వదులుతున్న పదార్థం ఒకటి కండరంలో ఉందని తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో బయటపెట్టారు. మీ పాఠ్యపుస్తకంలో కండరాల శక్తి గురించిన అధ్యాయం తీయండి, ఉంటుంది. తేడాగా వచ్చిన రీడింగును వదలనందుకు దొరికిన పదార్థం అది!

స్కాలర్లూ, ఇప్పుడు మీతో. ల్యాబ్ నోట్‌బుక్‌లో తేదీ, రీజెంట్ బాటిల్ లాట్ నంబరు, ఎన్ని నిమిషాలు ఆగారు, కరెంటు ఎప్పుడు పోయింది, అన్నీ అప్పటికప్పుడే పెన్నుతో రాయండి. తప్పు పడితే ఒక్క గీతతో కొట్టేయండి, కింద ఉన్నది కనపడాలి. రెండేళ్ల తర్వాత జర్నల్ రివ్యూయర్ అసలు డేటా అడిగితే మిమ్మల్ని కాపాడేది ఆ పుస్తకమే. శాంపిల్స్ ఎన్ని కావాలో ప్రయోగానికి ముందే స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లతో కూర్చుని తేల్చుకోండి. లెక్కలకీ గ్రాఫులకీ వాడే 'ఆర్' (R) అనే కంప్యూటర్ భాష నేర్చుకోండి. ఇంటర్వ్యూలో మీ గ్రాఫు చూపించి "ఈ పాయింటు ఎందుకిలా ఉంది?" అంటారు. ఆ ప్రయోగం మీ చేత్తో చేసి, అప్పుడే రాసుకుని ఉంటే జవాబుకి టెన్షన్ పడక్కర్లేదు.

అధ్యాపక మిత్రులారా, పిల్లలు రీడింగులు దిద్దడం మొదలుపెట్టేది మన మార్కుల కోసమే. మేడం గారూ, వచ్చే ప్రాక్టికల్స్ నుంచి సరిగ్గా రాని రీడింగును ఉన్నదున్నట్టు రాసి, కారణం వెతికినవాళ్లకి ఐదు మార్కులు విడిగా పెడతామని ఈ పిల్లల ముందే మాటివ్వండి. మైకు మీకిస్తున్నాను.